శివుడి పేరు చెప్పి పెట్టుకున్న ప్రయాణం

నూజివీడులో మా అత్తవారిల్లు బజారు వీధిలో ఉండేది. ముందు కొట్టు, వెనక ఇల్లు. ఇంట్లోంచి వీధిలోకి రావాలంటే కొట్టులోంచే రావాలి. కొట్టులో మావయ్యగారు పొద్దున ఆరింటి నుంచి రాత్రి తొమ్మిదింటి దాకా కూర్చుని ఉంటారు. కాపురానికి వచ్చిన మొదటి వారంలోనే ఈ సంగతి కనిపెట్టాను. వేరే దారేమీ లేదా అని మా ఆయన్ని అడిగితే, "ఎందుకూ? ఎక్కడికెళ్లాలి నువ్వు?" అన్నారు. ఎగతాళికి అన్నమాట కాదది. నిజంగానే అర్థం కాక అడిగారు. అందుకే నాకు ఇంకా ఒళ్లు మండింది.

మాది మామిడికాయల వ్యాపారం. పిందె పడగానే తోటలు చూసి మాట్లాడుకోవడం దగ్గర మొదలైతే, తొలకరి వానలు పడేదాకా మా ఇంట్లో మనుషులకి చోటుండేది కాదు. ఆగిరిపల్లి నుంచి, విస్సన్నపేట నుంచి బండ్ల మీద కాయ దిగేది. నడవ నిండా బంగినపల్లి, పడగ్గది నిండా రసాలు, ఎండుగడ్డి పరిచి మాగవేసేవాళ్లం. మంచం మీద మేం, మంచం కింద కాయలు. తొడిమ సొన తగిలి నా చేతులు పొక్కిపోయేవి. మామిడిపళ్ల వాసన అంటే చాలు కళ్లు మూసుకుని మురిసిపోయేవాళ్లు ఉంటారు. అలాంటివాళ్లని ఒక్క నెల మా పడగ్గదిలో పడుకోబెట్టాలని ఉండేది నాకు.

కాయ అయిపోతే ఆవకాయలు, తాండ్ర. తాండ్ర చాపల దగ్గర కాకులు వాలకుండా ఎవరో ఒకరు కూర్చోవాలి, ఆ ఎవరో ఒకరు ఎప్పుడూ నేనే. ఆ తర్వాత శ్రావణమాసం పూజలు, వినాయకచవితి, దసరా. ఎక్కడికైనా వెళ్దామండీ అంటే, మా ఆయన "సీజన్ అయ్యాక" అనేవారు. సీజన్ అయ్యాక అడిగితే "పండగలవనీ" అనేవారు. పండగలయ్యాక అడిగితే "పూత వచ్చే టైమయింది, ఇప్పుడు ఎలా కుదురుతుంది" అనేవారు. నాలుగేళ్లు ఇలా గడిచాయి. మా పుట్టిల్లు విస్సన్నపేట, బస్సెక్కితే ఎంతోసేపు పట్టదు. అక్కడికి కూడా ఏడాదికి రెండుసార్లు, అదీ ఎవరో ఒకరు తోడుంటేనే.

నాకు ఎక్కడికో వెళ్లిపోవాలని ఉండేది కాదు. సినిమాలూ చీరల కొట్లూ కూడా నాకక్కర్లేదు. నేను చూడాలనుకున్నది ఒకే ఒక్క కొండ. కామవరపుకోట వైపు కొండల్లో బౌద్ధ భిక్షువులు తొలిచిన గుహలున్నాయి. బి.ఏ.లో మా చరిత్ర మాస్టారు వాటి గురించి మూడు రోజులు పాఠం చెప్పారు. రాతిని కర్ర దూలాల్లాగా చెక్కిన గుండ్రటి గుహ ఒకటి ఉందని, దాని మధ్యలో స్తూపం ఉందని బోర్డు మీద బొమ్మ వేసి చూపించారు. రెండో సంవత్సరంలో క్లాసంతా కలిసి వెళ్లాలని బస్సు మాట్లాడారు. ఆ శనివారమే నాకు పెళ్లిచూపులు పెట్టారు మా వాళ్లు. క్లాసు వెళ్లొచ్చింది, నాకు సంబంధం కుదిరింది, మూడో సంవత్సరం చదువు లేకుండా పోయింది.

నాలుగో వేసవిలో గంపల్లో వేయడానికి పాత పేపర్లు పరుస్తుంటే ఒక వార్త కనిపించింది. ఆ కొండకి భిక్షువులు నడిచి వెళ్లిన పాత బాటని శుభ్రం చేశారట. బాట మొదట్లో సందర్శకుల కేంద్రం అని ఒక గది కట్టారట. అందులో ఫొటోలు, పటాలు పెట్టి, చెప్పడానికి ఒక మనిషిని కూడా పెట్టారట. ఆ గదిలో అన్నీ తెలుసుకుని, అక్కడి నుంచి నడుచుకుంటూ ఒక్కో గుహా చూస్తూ పైకి వెళ్లొచ్చని రాశారు. ఆ కాగితం మడిచి జాకెట్లో పెట్టుకున్నాను. ఆ గంపలో కాయలు కింద గడ్డి మీదే పోసేశాను. పేపరు వేయలేదేంటని అత్తయ్యగారు అడిగితే అయిపోయిందని చెప్పాను.

ఆ రోజు నుంచి నాకు అదే ధ్యాస. నోట్‌బుక్కులోంచి ఒక కాగితం చింపి ప్రయాణం రాసుకున్నాను. పొద్దున్నే బయలుదేరితే పదింటికి కేంద్రం. గంటసేపు అక్కడ పటాలు చూడటం. పదకొండింటికి బాట పట్టడం. గుండ్రటి గుహ మధ్యాహ్నం లోపు, మిగతావి భోజనం తర్వాత. తెలియనివి ఇంకా బోలెడు ఉన్నాయి. అందుకని ఆ కేంద్రానికి ఒక ఉత్తరం రాశాను. ఎన్ని గంటలకి తీస్తారు, ఏ రోజు సెలవు, మంచినీళ్లు దొరుకుతాయా, చిన్నపిల్ల నడవగలదా, ఇలా తొమ్మిది ప్రశ్నలు. మా పాపకి అప్పుడు రెండున్నరేళ్లు. పాలు పోసే ఆవిడ చేతికిచ్చి డబ్బాలో వేయించాను. ఇంతా చేసి, జవాబు ఎక్కడికి వస్తుందో మాత్రం ఆలోచించలేదు. మా ఇంటి ఉత్తరాలన్నీ కొట్టులోనే ఇచ్చి వెళ్తాడు పోస్ట్‌మన్.

మూడు వారాలకి కార్డు వచ్చింది. మావయ్యగారు మధ్యాహ్నం భోజనానికి లోపలికొస్తూ దాన్ని చేత్తో పట్టుకునే వచ్చారు. పీట మీద కూర్చుని, కళ్లజోడు పెట్టుకుని అందరికీ వినపడేలా చదివారు. శుక్రవారం సెలవు, కొండకింద కుండలో నీళ్లుంటాయి, భోజనం తెచ్చుకోవాలి, పాపని ఎత్తుకోవాల్సి ఉంటుంది. అక్కడ ఏముందో మాత్రం అందులో రాయలేదు. చదవడం అయ్యాక కళ్లజోడు తీసి, "ఏంటమ్మా ఇది?" అన్నారు. ఆయన అరిచే మనిషి కాదు. నెమ్మదిగా అడుగుతారు, అడిగాక జవాబు వచ్చేదాకా అన్నం ముట్టుకోరు.

పాత గుహలండీ, చూడాలని ఉంది అంటే ఏమవుతుందో నాకు తెలుసు. ఆయన కార్డుని నా చేతికిచ్చి, "సీజన్ అయ్యాక చూద్దాం" అంటారు. అక్కడితో సరి. అప్పుడు నాకు మాస్టారు చెప్పిన ఇంకో మాట గుర్తుకొచ్చింది. చుట్టుపక్కల పల్లెలవాళ్లు ఆ స్తూపాన్ని లింగం అనుకుని విభూతి పెట్టి కొబ్బరికాయ కొడతారని ఆయన చెబితే అందరం నవ్వుకున్నాం ఆ రోజు.

"శివుడండీ మావయ్యగారూ," అన్నాను. "కొండ మీద గుహలో శివుడు. చాలా పాత క్షేత్రం. కార్తీకమాసంలో వెళ్తే మంచిదట."

మావయ్యగారు అన్నం కలుపుకున్నారు. అత్తయ్యగారు వడ్డిస్తున్న గరిటె పట్టుకునే నావైపు తిరిగారు. "కొండ మీద శివుడా? ఇంత దగ్గర్లోనా? మనకెవరూ చెప్పలేదే," అన్నారు. మొగుడూ పెళ్లాం ఇద్దరి ముఖాలూ ఒక్కసారే వెలిగాయి. నాలుగేళ్లుగా నేను ఏ మాటతోనూ కదిలించలేని ఇల్లు, ఒక్క మాటతో కదిలింది. నాకెంత సంతోషమేసిందో చెప్పలేను. ఎంత తెలివైనదాన్నో అనుకుని ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

అసలు తిప్పలు మర్నాటి నుంచి మొదలయ్యాయి. అత్తయ్యగారు ఏ విషయమైనా మొదలంటా తెలుసుకోనిదే వదలరు. ఆ స్వామి పేరేంటి? ప్రతిష్ఠ ఎవరు చేశారు? అమ్మవారు పక్కనే ఉంటుందా? స్వయంభువు, పేరు లేదు అని తప్పించుకున్నాను. ప్రతిష్ఠ ఎవరంటే నోటికొచ్చింది పాండవులే. వనవాసంలో అటుగా వచ్చి కొలిచారని చెప్పాను. సాయంత్రానికి ఎదురింటావిడ మా గడపలో కూర్చుని, అందులో ఏ గుహలో భీముడు పడుకున్నాడని అడిగింది. ఎడమచేతి వైపు పెద్దది అన్నాను. చెప్పేకొద్దీ నాకే భయం వేసేది. ఆపుదామంటే ఎక్కడ ఆపాలో తెలిసేది కాదు.

కార్తీకంలో రెండో సోమవారం ఖాయం చేశారు మావయ్యగారు. ఎలాగూ వనభోజనాలు చేయాలి, కొండకింద ఉసిరిచెట్టు లేకపోతుందా అన్నారు. వ్యాన్ మాట్లాడారు. స్వామికి అభిషేకం చేయించడానికి మా ఇంటి పంతులుగారిని రమ్మన్నారు. ఆడపడుచుల కుటుంబాలకి కబురు వెళ్లింది. అందరూ కూర్చుని వేసిన ప్లాను ఇదీ: తెల్లవారుజామున స్నానాలు, ఉపవాసంతో బయలుదేరడం, వెళ్లగానే అభిషేకం, దిగాక వంటలు, భోజనాలు, కాసేపు నడుం వాల్చి, చీకటి పడకుండా ఇంటికి. నా కాగితంలో సందర్శకుల కేంద్రం మొదట ఉంది. వాళ్ల ప్లానులో అది ఎక్కడా లేదు. అక్కడొక గది ఉంది, పటాలున్నాయి, ముందు అది చూసి వెళ్తే బాగా తెలుస్తుంది అని మెల్లిగా అన్నాను. "దేవుణ్ణి చూడ్డానికి పటం ఎందుకే పిచ్చిదానా," అన్నారు అత్తయ్యగారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

అప్పటికీ నాకు అనుమానం రాలేదు. వాళ్లు అభిషేకం చేసుకుంటారు, నేను గుహలు చూసుకుంటాను, ఎవరి దారి వాళ్లది అనుకున్నాను. రాత్రి పడుకుని తేదీలు లెక్క వేసుకుంటే అప్పుడు తట్టింది. ఆ సోమవారానికి నేను బయట చేరే రోజులు. మా ఇంట్లో ఆ మూడు రోజులూ వెనక వసారాలో చాప, చెంబు, కంచం వేరే. వంటింటి గడప తొక్కకూడదు, ఎవరినీ తాకకూడదు. గుడి మాట చెప్పక్కర్లేదు. నేను చూడాలనుకున్నది వట్టి గుహలుగానే ఉండి ఉంటే ఎవరికీ అడ్డుండేది కాదు. దాన్ని గుడి చేసింది నేనే. నా నోటితో నేనే.

పెళ్లిళ్లకీ యాత్రలకీ ఆడవాళ్లు మాత్రలు వేసుకుని రోజులు వాయిదా వేసుకోవడం అప్పటికే మామూలు. కానీ మందుల షాపుకి వెళ్లి తెచ్చుకునే వీలు నాకేది? మా ఆయన్ని అడిగాను. ఆయనకి నామోషీ. షాపులో ఎప్పుడూ తెలిసినవాళ్లే కూర్చుని ఉంటారు మరి. రెండు రోజులు వెనకాముందాడి, చివరికి పది మాత్రలు న్యూస్‌పేపర్లో చుట్టి, ఎవరూ చూడకుండా నా దిండు కింద పెట్టి వెళ్లిపోయారు. గురువారం నుంచి రోజుకొకటి వేసుకోవడం మొదలుపెట్టాను. అంతా సవ్యంగానే ఉంది అనుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం బాపులపాడు నుంచి మనిషి వచ్చాడు. మావయ్యగారికి జ్ఞాతి, దూరపు వరస ఆయన, పోయారు. మూడు రోజులు మైల. ప్రయాణాన్ని వారం జరిపి పై సోమవారానికి మార్చారు. పోయినాయన్ని నేను ఎప్పుడూ చూడలేదు. పాపం, ఆయన మీద కూడా కోపం వచ్చింది నాకు. వంటింట్లో గిన్నెలు అంత గట్టిగా పెట్టొద్దని అత్తయ్యగారు అన్నారు.

మాత్రలు ఆపకుండా వేసుకుంటూనే ఉన్నాను. పదోది శనివారంతో అయిపోయింది. ఇంకో రెండు కావాలి, రెండే రెండు. ఆదివారం పొద్దున మా ఆయనకి చెప్పాను. "మళ్లీ నేనెళ్లి అడగాలా? ఒక్క రోజుకేం కాదులే," అన్నారు. నేను బతిమాలాను. సరే చూస్తానన్నారు. సాయంత్రం వచ్చాక చూస్తే చేతులు ఖాళీ. షాపు మూసేశారని చెప్పారు. నిజమో కాదో నాకు ఈ రోజుకీ తెలీదు. ఆ రాత్రి అరికాలి మంట నెత్తికెక్కింది, కానీ పక్కనే పాప పడుకుని ఉంది, గోడ అవతల మావయ్యగారు ఉన్నారు. నోరు మూసుకుని పడుకున్నాను.

సోమవారం ఇంకా చీకటి ఉండగానే వ్యాన్ ఎక్కాం. పంతులుగారు ముందు సీట్లో, వెనకాల గిన్నెలూ బిందెలూ, మధ్యలో మేమందరం. అత్తయ్యగారు నాచేత పసుపు రంగు పట్టుచీర కట్టించారు. ఊరు దాటగానే అద్దం దించి మొహం బయటికి పెట్టాను. తోటల మధ్య నుంచి చల్లగాలి వస్తోంది, చెట్ల మీద ఒక్క కాయ లేదు, నాకు ప్రాణం లేచొచ్చింది. ధర్మాజీగూడెం దాటాక నడుం లాగడం మొదలైంది. సీటు గట్టిది, అందుకే అనుకున్నాను. అలా అనుకుంటూనే ఉన్నాను, కొండ వచ్చేదాకా.

కొండకింద వ్యాన్ ఆగింది. ఎదురుగా రాతిమెట్లు, మెట్ల పక్క నుంచి చెట్లలోకి వెళ్తున్న బాట, ఆ బాట మొదట్లో పెంకులు కప్పిన గది. గది ముందు బోర్డు. పేపర్లో చదివింది చదివినట్టే ఉంది. నేను దిగి రెండడుగులు వేశానో లేదో వెనక నుంచి అత్తయ్యగారు "ఆగు" అన్నారు. దగ్గరికి వచ్చి, తాకకుండా, తన భుజం మీది తువ్వాలు నా వైపు విసిరి, "నడుముకి చుట్టుకో," అన్నారు. నాకు వెనక్కి తిరిగి చూసుకోవాల్సిన అవసరం కూడా రాలేదు.

పెద్ద గొడవేమీ జరగలేదు. "కోడలికి ఒంట్లో బాగాలేదు, కిందే ఉంటుంది," అని చెప్పారు అందరితో. ఆడవాళ్లకి అర్థమైంది. మావయ్యగారు కొండవైపు తిరిగి పంచె సర్దుకున్నారు. మా ఆయన పాపని ఎత్తుకుని నా మొహం చూడకుండా వెళ్లిపోయారు. వాళ్లు మెట్లెక్కుతుంటే నేను నిలబడి చూస్తున్నాను. అది గుడి కాదు అని ఒక్క కేక వేస్తే చాలు. పంతులుగారి చేతిలో అభిషేకం చెంబు, మావయ్యగారి చేతిలో మారేడు దళాల బుట్ట. ఆ కేక వేస్తే ఆరు నెలలుగా నేను చెప్పిందంతా అబద్ధమని అందరి ముందూ ఒప్పుకోవాలి. సంగతి చెప్పాల్సిన మనిషిని నేనే, ఆ కొండకింద తువ్వాలు చుట్టుకుని నిలబడి ఉన్నాను.

గది తలుపు తీసి ఉంది. లోపల ఒక పెద్దాయన, తెల్ల చొక్కా, ఖాకీ ప్యాంటు, బల్ల మీద పటం తుడుస్తున్నారు. నన్ను చూసి కుర్చీ జరిపారు. నేను కూర్చోకుండా గుమ్మంలోనే నిలబడ్డాను. ఏ ఊరని అడిగారు. నూజివీడు అన్నాను. ఆయన గుడ్డ పక్కన పెట్టి, "తొమ్మిది ప్రశ్నలు రాసింది మీరేనా?" అన్నారు.

అవునన్నాను. నా మొహం ఎర్రబడి ఉంటుంది.

"ఈ కేంద్రం తెరిచాక ఇంత వివరంగా ఎవరూ అడగలేదమ్మా. స్కూలు పిల్లలొస్తారు, పేర్లు రాసుకుని పోతారు. మీరెప్పుడొస్తారా అని చూస్తూనే ఉన్నాను," అన్నారు. ఆయన ఎంతో సంబరంగా ఒక్కో ఫొటో దగ్గరికీ వెళ్లి చెప్పడం మొదలుపెట్టారు. ఇది విహారం, ఇవి భిక్షువుల గదులు, ఇది గుండ్రటి గుహ, లోపల కప్పు చూడండి, రాయే కానీ కర్ర వాసాల్లాగా చెక్కారు. మాస్టారు బోర్డు మీద వేసిన బొమ్మే అది. నేను గుమ్మంలోంచే చూశాను. కాసేపటికి ఆయనకి అనుమానం వచ్చింది. "మీవాళ్లతో వెళ్లలేదేమమ్మా?" అన్నారు.

"గుడికి వెళ్లకూడదు నేను, ఇవాళ," అన్నాను.

పెళ్లాం బిడ్డలున్న మనిషై ఉంటారు, వెంటనే గ్రహించారు. కిందికి చూస్తూ, నెమ్మదిగా అన్నారు. "పైన గుడి లేదు కదమ్మా. మీకు తెలుసు కదా. ఉత్తరంలో స్తూపం అనే రాశారు మీరు. మెట్లవైపు కాకుండా ఈ బాటన వెళ్లండి. పాత బాట ఇదే. మీవాళ్లకి ఎదురుపడరు."

తువ్వాలు బిగించుకుని బాట ఎక్కాను. రెండు వైపులా సీతాఫలం చెట్లు, కాలికింద అరిగిపోయిన రాళ్లు. వాటి మీద ఎంతమంది నడిచారో, ఎన్నేళ్లు నడిచారో. ఒంటరిగా నడవడం నాకు పెళ్లయ్యాక అదే మొదటిసారి, ఎవరి వెనకాలా కాకుండా, ఎవరినీ అడక్కుండా. ఏడుపు వచ్చింది, నవ్వూ వచ్చింది. బాట ఒకచోట మలుపు తిరుగుతుంది. మలుపు తిరిగితే మొదటి గుహ కనిపిస్తుందని పెద్దాయన చెప్పారు. మలుపు దగ్గరికి వెళ్లేసరికి పైనుంచి పంతులుగారి గొంతు వినిపించింది. సంకల్పం చెబుతున్నారు. మావయ్యగారి గోత్రం, పేరు, వరసగా మా ఇంట్లో అందరి పేర్లూ. అందులో నా పేరు కూడా ఉంది.

అక్కడ ఆగిపోయాను. అది స్తూపమని ఆ కొండ మీద ఉన్నవాళ్లందరికన్నా నాకే బాగా తెలుసు. రాయి అది, వట్టి రాయి. తెలిసుండీ నా కాలు కదల్లేదు. ఆరు నెలలు నేను చెప్పీ చెప్పీ అక్కడ ఒక శివుణ్ణి కూర్చోబెట్టాను, ఇప్పుడు ఆయన ముందుకి ఈ ఒంటితో ఎలా వెళ్లను? పాపకి ఏమైనా అయితే? ఇంత చదివీ నాకొచ్చిన భయం అదీ. నామీద నాకే అసహ్యం వేసింది. ఒక రాయి మీద కూర్చుని కాసేపు ఏడ్చి, వచ్చిన దారినే దిగిపోయాను. ఆ మలుపు అవతల ఏముందో నాకు ఇప్పటికీ ఫొటోల్లో చూసిందే. పెద్దాయన నన్ను చూసి కుర్చీలోంచి లేచారు. కుండలోంచి నీళ్లు ముంచి గ్లాసు కింద పెట్టారు.

వంటలు, భోజనాలు అయ్యాయి. నాకు ఆకు దూరంగా వేశారు. మగవాళ్లు చెట్టుకింద నడుం వాల్చారు. నేను గది పక్కన అరుగు మీద కూర్చుంటే అత్తయ్యగారు వచ్చి, నాకు తగలకుండా, అరుగు రెండో చివర కూర్చున్నారు. మెట్లెక్కి దిగి ఆవిడ కాళ్లు వాచి ఉన్నాయి. చాలాసేపు వాటిని ఒత్తుకుంటూ కూర్చుని, తర్వాత నెమ్మదిగా అన్నారు.

"అమ్మాయ్, పైన వాచ్‌మన్ ఉన్నాడు. అది లింగం కాదంటున్నాడు."

నేను నడుముకున్న తువ్వాలు సర్దుకున్నాను.

"బౌద్ధుల స్తూపమంట. లోపల సన్యాసులు ఉండేవాళ్లంట. పంతులుగారు మంత్రాలు చదువుకుంటున్నారు, మీ మావయ్యగారు కళ్లు మూసుకున్నారు. వాళ్లు వినలేదు. నేనే విన్నాను." నావైపు తిరిగారు. "నీకు ముందే తెలుసా?"

తలూపాను. ఇక తిట్లు మొదలవుతాయని, ఇంటికెళ్లాక ఇంకా ఎన్ని ఉంటాయోనని చూస్తున్నాను. ఆవిడ తిట్టలేదు.

"నాతో ఎందుకు చెప్పలేదే?"

"రాళ్లు చూడ్డానికంటే ఎవరొస్తారు అత్తయ్యగారూ," అన్నాను. నా గొంతు నాకే పెడసరంగా వినిపించింది.

"మీ మావయ్యగారు రారు. నేనెందుకు రాను?" అన్నారు. "ఈ ఇంటికొచ్చి ముప్ఫయ్యేళ్లయింది. అన్నవరం చూశాను, తిరుపతి చూశాను, మూడుసార్లు విజయవాడ కనకదుర్గమ్మని చూశాను. దేవుడు లేని చోటికి ఎవరైనా తీసుకెళ్తారని నాకు తట్టనే లేదు. పైన గుహలో కూర్చుంటే ఎంత చల్లగా ఉందనుకున్నావు. రాతిలో వాసాలు చెక్కారే, ఒక్కో వాసం లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. ఎవరూ పిలవలేదు నన్ను కాసేపు." మళ్లీ ఆవిడే అన్నారు. "నా ఒక్కదానికి చెప్పి ఉంటే చేయి పట్టుకుని పైకి తీసుకెళ్లేదాన్ని. గుడి కానిచోట నీకు మైలేంటే?"

నేను మెట్లవైపు చూశాను. ఇంకా ఎండ ఉంది. "ఇప్పుడు వెళ్దామా అత్తయ్యగారూ?" అన్నాను.

ఆవిడా మెట్లవైపు చూశారు. వెళ్దామనే అనుకున్నారని నాకు ఇప్పటికీ నమ్మకం. చేత్తో అరుగుని పట్టుకుని సగం లేచారు. చెట్టుకింద మావయ్యగారు లేచి కూర్చుని, నుదుటి మీద విభూతి చెదరకుండా మొహం తుడుచుకుంటూ, ఇంత మంచి దర్శనం తన జన్మలో కాలేదని పంతులుగారితో చెబుతున్నారు. అత్తయ్యగారు మళ్లీ కూర్చున్నారు.

"ఇప్పుడా? నిన్ను తీసుకుని నేను పైకెక్కితే, ఆయనకి ఏమని చెప్పను?" అన్నారు.

ఎండ వాలాక బయలుదేరాం. వ్యాన్‌లో చివరి సీటు ఖాళీ చేయించి నన్ను అక్కడ కూర్చోబెట్టారు, ఎవరికీ తగలకుండా.